దొరికిపోయిన తండ్రి

శాన్ అంటోనియో,
ఆగస్టు 7

కాన్సువేలో అక్కకు,

నీ మోకాళ్ల నొప్పులు, మీ మదర్ ఇల్దెఫోన్సా గారి కోపం రెండూ అదుపులో ఉన్నాయని తలుస్తాను. మొన్న మీ మఠానికి ఫోన్ చేశాను. "మిఠాయిల ఆర్డరా, చావు కబురా?" అని అడిగిందొక గొంతు. రెండూ కాదమ్మా, మా అక్కతో నాలుగు ముక్కలు మాట్లాడాలి అన్నాను. "అయితే ఉత్తరం రాయండి" అని ఠక్కున పెట్టేసింది. ముప్పై ఏళ్ల కిందట నువ్వు ఆ గోడల వెనక్కి వెళ్లిన రోజున అమ్మ ఏడ్చింది గానీ నేను ఏడవలేదు. ఆ ఫోన్ పెట్టేసినప్పుడు మాత్రం ఏడ్చినంత పనైంది. సరే, రాస్తున్నాను. వారం వారం ఇక్కడి నుంచి సరిహద్దు దాటి మన శాన్ లూయిస్‌కి సామాన్లు చేరవేసే దోన్ చెమా వ్యానులో పంపుతున్నాను. పోస్టును నమ్ముకుంటే క్రిస్మసుకి గానీ చేరదు.

రమీరో పోయాక ఇల్లు బావురుమంటోందని ప్రభుత్వం వాళ్ల దగ్గర పేరు రాయించుకున్నానని చెప్పాను గదా. దిక్కులేని పిల్లల్ని మనింట్లో పెడతారు, పెంచిపెట్టాలి. ఇప్పటికి ఆరుగురు వచ్చి వెళ్లారు. ఏడోది మార్చిలో వచ్చింది. పేరు యరేలి, పదిహేడేళ్లు. మన వైపు పిల్లే అక్కా, రియోవెర్దెలో పుట్టింది! తల్లి నియేవెస్ పిల్లని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చింది, ఆరేళ్లు హోటల్లో గిన్నెలు కడిగింది, పోయిన చలికాలంలో క్యాన్సర్‌తో కన్నుమూసింది. పిల్లకి ఇక్కడా ఎవరూ లేరు, అక్కడా ఎవరూ లేరు.

చెయ్యి ఊరుకోదు దీనికి. ఎలక్ట్రీషియన్ అవుతుందట. వచ్చిన వారానికే నా ఇస్త్రీపెట్టె విప్పదీసి మళ్లీ బిగించింది. ఒక మర మిగిలిపోయింది. పెట్టె మాత్రం ఇదివరకటికన్నా బాగా కాలుతోంది. అడిగితే, "ఆ మర దండగ తెంచమ్మా, కంపెనీవాళ్లు తెలియక పెట్టారు" అంటుంది.

అసలు సంగతి. పిల్లకి ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేవు. ఇలాంటి పిల్లల కోసం ఇక్కడొక దారి ఉందట. జడ్జి గారు ఒక ఉత్తర్వు మీద సంతకం పెడితే, దాని మీద ఇక్కడే ఉండిపోయే హక్కు అడగొచ్చు. కానీ పిల్లకి పద్దెనిమిది నిండకముందే పెట్టాలి. నిండిన మర్నాడు ఆ జడ్జికి మన పిల్ల మీద ఏ అధికారమూ ఉండదు. నవంబరు 14న నిండుతాయి. అక్టోబరు 30న విచారణ. ఇది తప్పితే పిల్లని ఏ రోజైనా బస్సెక్కించి, పలకరించే మనిషి లేని చోటికి పంపెయ్యొచ్చు. లాయరమ్మ చాలా మంచిది, ఉచితంగా చేస్తోంది. అంతా తండ్రి దగ్గర ఆగింది అంటుంది. అతని పేరు ఎవోదియో సమర్రీపా. పిల్లకి నాలుగేళ్లప్పుడు ఇల్లు వదిలిపోయాడు. ఇప్పటికీ అజా అయిపూ లేదు.

నీ పునీత అంతోని వారికి గట్టిగా చెప్పు. ఆ తండ్రి సంగతి తేల్చమను. దోన్ చెమా హారన్ కొడుతున్నాడు, ఉంటా.

నీ చెల్లెలు
తెంచా

*

శాన్ లూయిస్ పొతోసి,
ఆగస్టు 19

తెంచాకి, ఆ పిల్లకి ప్రభువు శాంతి కలుగుగాక.

నీకు ఫోన్ పెట్టేసిన గొంతు నాదే. గొంతు గుర్తుపట్టలేకపోయావా? నేనూ గుర్తుపట్టలేదు, ఆ సంగతి ఒప్పుకుంటున్నాను. ఆ రోజు జామకాయ హల్వా పొయ్యి మీద ఉంది. కలపడం ఆపితే అడుగంటుతుంది. నా హల్వా అడుగంటిందని ఊళ్లో తెలిస్తే నేను మదర్ గారికి మొహం చూపించగలనా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తండ్రి సంగతి నాకొదిలెయ్. పోయినవి వెతికిపెట్టే అంతోని వారి ప్రతిమని ఆ సాయంత్రమే తలకిందులుగా పెట్టేశాను. మిఠాయిల అల్మరాలో, చక్కెర డబ్బాకీ దాల్చిన చెక్కకీ మధ్య. పని అయ్యేదాకా అలాగే ఉంటారు. చిన్నప్పుడు అమ్మ అలా చేసే కదా నాన్న పోగొట్టుకున్న గాడిదని తెప్పించింది. మదర్ గారు చూసి, "పెద్దవాళ్లని అలా పెట్టవచ్చునా సిస్టర్?" అన్నారు. "ఆయనకి అలవాటే మదర్, ఊరికే అడిగితే కదలరు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ తన పోయిన కళ్లజోడు గురించి కూడా చెప్పమన్నారు.

నేను ప్రార్థనతో ఊరుకునే మనిషిని కాదని నీకు తెలుసు. గోడలో తిరిగే మా చెక్క పెట్టె ఇరవై ఎనిమిదేళ్లుగా నా చేతుల్లోనే ఉంది. అటు నుంచి డబ్బులు పెడతారు, ఇటు నుంచి మిఠాయిలు పెట్టి తిప్పుతాను. వాళ్ల మొహాలు నేను చూడను, నా మొహం వాళ్లు చూడరు. కానీ గొంతు విని ఎవరు ఏ ఊరో, ఎవరి కోడలు అలిగిందో చెప్పేస్తాను. రియోవెర్దె గొంతులు వారానికి పదైనా వస్తాయి.

ఆ పిల్లకి ఏ మిఠాయి ఇష్టమో రాయి. తల్లిలేని పిల్లకి తండ్రైనా ఉండాలి గదమ్మా.

అక్క,
సిస్టర్ కాన్సువేలో

*

శాన్ అంటోనియో,
సెప్టెంబరు 4

అక్కా,

అంతోని వారిని తలకిందులు చేశావని చదివి యరేలి పడీపడీ నవ్వింది. "మీ అక్క సన్యాసినా, పోలీసా?" అంది. నారింజ తొక్కల మిఠాయి ఇష్టమట. వాళ్లమ్మ చేసేదట. ఆ మాట చెప్పి లేచి వెళ్లి, బాగానే ఉన్న కాలింగ్ బెల్లు విప్పి కూర్చుంది. ఇప్పుడు ఎవరైనా బెల్లు కొడితే వంటింటి దీపం వెలుగుతుంది. ఎదురింటి మెర్సెదెస్ గారు వచ్చి పావుగంట బయట నిలబడి, నాకు చెవుడు వచ్చిందని వీధంతా చాటింది.

లాయరమ్మ రియోవెర్దె పేపర్లో ప్రకటన వేయించింది, ఫలానా ఎవోదియో ఎక్కడున్నా కోర్టుకి తెలియజెయ్యాలి అని. అది రూలట. మూడు వారాలైంది, ఇంతవరకూ ఎవరూ పలకలేదు. నువ్వు ప్రార్థన ఆపకు. ఇంత దూరం వచ్చాక ఏదీ బెడిసికొట్టకూడదు.

ఆ "తండ్రైనా ఉండాలి గదమ్మా" అన్న ముక్క నాకు అర్థం కాలేదు. మఠంలో ఉండేవాళ్లు అన్నీ పెద్ద పెద్ద మాటలే అంటారులే అనుకున్నాను.

తెంచా

*

శాన్ లూయిస్ పొతోసి,
సెప్టెంబరు 15

తెంచా, కూర్చో. కూర్చునే చదువు.

దొరికాడు!

అంతోని వారికి జై! మాకు నారింజలు తెచ్చే ముసలాయన్ని అడిగాను. ఆయన పళ్ల మండీలో అడిగాడు. మండీలో ఒకడు తన బావమరిదిని అడిగాడు. గురువారం పొద్దున పదకొండు గంటలకి పెట్టె అవతల ఒక కొత్త గొంతు, "సిస్టరమ్మా, నేనే ఎవోదియోని" అంది. నా చేతిలో గరిటె కింద పడింది. మండీలో పళ్ల బుట్టలు మోస్తాడట. కూతురు సరిహద్దవతల ఉత్తరాదిన ఉంది, కోర్టులో నీ కోసమే అంతా ఆగింది అని చెప్పాను. ఏడ్చాడు తెంచా. గోడవతల మగవాడు ఏడుస్తుంటే వినడం ఇరవై ఎనిమిదేళ్లలో నాకిది నాలుగోసారి, అందులో ఒకడు పళ్లు పీకించుకుని వచ్చినవాడు.

నేను ఊరుకుంటానా? కాగితం, కలం పెట్టెలో పెట్టి తిప్పాను. జడ్జి గారికి ఉత్తరం రాయించాను. "నేను నా కూతుర్ని ఎన్నడూ వదలలేదు, నా ప్రాణం దాని మీదే ఉంది, తండ్రీకూతుళ్లం కలిసి బతకాలని నా కోరిక" అని చాలా చక్కగా వచ్చింది. ఒకటి రెండు వాక్యాలు నేనే అందించాను. మదర్ గారిని బతిమాలి మఠం ముద్ర కూడా కొట్టించాను. నారింజ తొక్కల డబ్బాలో, మిఠాయిల పైన పెట్టి పంపుతున్నాను. పిల్ల మిఠాయితో పాటు తండ్రినీ అందుకుంటుంది.

మదర్ గారి కళ్లజోడు కూడా దొరికింది. జపమాల సంచిలోనే ఉంది.

ఆనందంతో,
అక్క

*

శాన్ అంటోనియో,
సెప్టెంబరు 22

ఓ నా తల్లీ, ఓ నా అక్కా, ఎంత పని చేశావే!

అంతోని వారిని ఇప్పుడే, ఈ ఉత్తరం పక్కన పెట్టి, లేచి వెళ్లి నిటారుగా నిలబెట్టు. క్షమాపణ చెప్పు. మేముంటున్న ఊరి పేరే ఆయన పేరు. ఆయన్ని తలకిందులు చేస్తే మేం తలకిందులు కామా?

తప్పు నాదే, ఒప్పుకుంటాను. వ్యాను హారన్ కొడుతోందని అరకొరగా రాశాను. విను. జడ్జి గారు ఆ ఉత్తర్వులో ఏమని రాయాలో తెలుసా? "ఈ పిల్లని తండ్రి వదిలేశాడు, తిరిగి అతని దగ్గరికి పంపే వీల్లేదు" అని. అది నిజమని రుజువైతేనే పిల్ల ఇక్కడ ఉండగలదు. తండ్రి సంగతి తేలడమంటే అతను దొరకడం కాదు, వదిలేశాడని తేలడం! నువ్వేమో అతన్ని వెతికి పట్టుకుని, నేను వదల్లేదు మహాప్రభో అని రాయించి, మఠం ముద్ర వేయించి పంపావు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు.

నేను ఇంట్లో లేనప్పుడు దోన్ చెమా డబ్బా ఇచ్చి వెళ్లాడు. పిల్ల విప్పింది. నేను వచ్చేసరికి వంటింట్లో నిలబడి ఉంది. మిఠాయి ముట్టలేదు. కాగితం చేతిలో ఉంది. "తెంచమ్మా, మా నాన్న నన్ను వదల్లేదట" అంది. అంత వెలుగు దాని మొహంలో నేనెప్పుడూ చూడలేదు అక్కా.

ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టేద్దామా అనుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తల పట్టుకుంది. "కోర్టు దగ్గర దాచను, నేనలాంటి లాయరుని కాను. తండ్రి దొరికాడు కాబట్టి ఇప్పుడతనికి కాగితాలు పంపాలి. అతను అడ్డం చెబితే విచారణ వాయిదా పడుతుంది, పడితే పుట్టినరోజు దాటిపోతుంది" అంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. జడ్జి ముందు పిల్ల కూడా చెప్పాలి. యరేలి ఏమంటోందంటే, "మా నాన్న వదిలేశాడని నేను చెప్పను. ఇదిగో, ముద్ర కూడా ఉంది" అని.

మీ ముద్ర!

ఏదో ఒకటి చెయ్యి. నలభై రోజులు కూడా లేవు.

కోపంగా, అయినా నీ చెల్లెలు,
తెంచా

*

శాన్ లూయిస్ పొతోసి,
అక్టోబరు 3

చెల్లీ,

అంతోని వారిని నిలబెట్టాను. ఆయన కాళ్లకి చక్కెర అంటుకుంది, తడిగుడ్డతో తుడిచాను. మదర్ గారికి అంతా చెప్పేశాను. ఆవిడ నాకు వారం రోజులు బాదం పప్పు ఒలిచే శిక్ష వేశారు. ముద్ర కొట్టినందుకు తనకు తాను కూడా వేసుకున్నారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడకుండా ఒలుస్తున్నాం.

నాకు బుద్ధి లేదు తెంచా. ఏడుపు విన్నాను, నమ్మేశాను. గొంతుల గురించి గొప్పలు చెప్పుకున్న దాన్ని.

గురువారం అతను మళ్లీ వచ్చాడు. ఈసారి నేను తొందరపడలేదు. "బాబూ, నీ కూతురు ఏ నెలలో పుట్టింది?" అన్నాను. "చలికాలం" అన్నాడు. "పళ్లెప్పుడు వచ్చాయి, పొంగు పోసిందా, ఏ బళ్లో చదివింది?" అన్నాను. అవన్నీ వదిలేసి అతను మెల్లిగా నన్నే అడిగాడు, "సిస్టరమ్మా, దానికి కాగితాలొచ్చాక నన్ను తీసుకెళ్లడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

అదీ సంగతి. కన్నీళ్లు నిజమైనవే, నేను కాదనను. కానీ కన్నీళ్ల కింద మూట కట్టుకుని కూర్చున్నాడు.

నీ ఉత్తరంలో ఆ సంగతి లేదని, మా దగ్గర రోంపోపె (గుడ్లు, పాలు, రమ్ము కలిపి మేం కాచేది) సీసాలు కొనే నోటరీ గారిని అడిగాను. పాపం ఆయన పుస్తకాలు తిరగేసి, సరిహద్దవతలి లాయరు మిత్రుణ్ణి కూడా కనుక్కుని చెప్పాడు. ఈ దారిలో కాగితాలొచ్చిన పిల్ల తన తల్లిదండ్రుల్ని ఎప్పటికీ, ముసలిదైనా సరే, రప్పించుకోలేదట. చట్టమే అంత. ఆ మాటే ఎవోదియోకి చెప్పాను. "నువ్వు అవునన్నా నీకేమీ రాదు, కాదన్నా ఏమీ రాదు. నీ మాట వల్ల బాగుపడేదీ చెడేదీ అదొక్కతే" అన్నాను. అతను వెళ్లిపోయాడు. కొన్న మిఠాయి కూడా పెట్టెలోనే వదిలేశాడు.

మళ్లీ వస్తాడో లేదో తెలియదు. ఈసారి అంతోని వారిని ఏమీ అడగడం లేదు. నాకు భయంగా ఉంది.

అక్క

*

శాన్ అంటోనియో,
అక్టోబరు 11

అక్కా,

కోపం తగ్గింది. బాదం పప్పు మాట చదివి నవ్వొచ్చింది కూడా. ఒలిచినవి కొన్ని పంపు.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. యరేలి నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడటం మానేసి మరమ్మతులు మొదలెట్టింది. ఫ్యాను, రేడియో, మెర్సెదెస్ గారి మిక్సీ, చివరికి చర్చిలో మైకు. మొన్న ఆదివారం ఫాదర్ గారు చిన్నగా దగ్గితే వీధి చివరిదాకా వినిపించింది.

నీ పోయిన ఉత్తరంలోది కొంచెం చెప్పబోయాను, తండ్రి ఏమడిగాడో. సగంలోనే ఆపింది. "మీకు నేను అనాథగా ఉండాలి. అనాథగా ఉంటేనే మీ లాయరమ్మ గెలుస్తుంది. నాకొక నాన్న ఉంటే మీకేం నష్టం?" అంది. దానికి అంత వెలుగు ఇచ్చినదాన్ని అబద్ధమని నేనెలా అనేది, అనకుండా ఎలా ఊరుకునేది? మింగలేక కక్కలేక ఉన్నాను.

నీకొక్కదానికే చెబుతున్నా. పిల్ల ఇక్కడే ఉండాలని నాకు దాని కోసమే కాదు, నా కోసం కూడా ఉంది. ఆరుగురు వెళ్లారు, ఆరుసార్లు తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. దీన్ని కూడా అలాగే పంపాలంటే నా వల్ల కాదు. ఇది స్వార్థమైతే నాకూ ఏదో ఒకటి ఒలిచే శిక్ష వెయ్యి.

లాయరమ్మ అతనికి కాగితాలు పంపింది. జవాబు లేదు. విచారణ 30నే. తండ్రి నుంచి వేరే మాట ఏదీ లేకుండా, పిల్ల "వదల్లేదు" అంటే జడ్జి గారు ఏం చెయ్యగలరు?

తెంచా

*

శాన్ లూయిస్ పొతోసి,
అక్టోబరు 23

చెల్లీ,

స్వార్థం కాదు. ఒలవనక్కర్లేదు.

రెండు గురువారాలు రాలేదు. పెట్టె తిరిగిన ప్రతిసారీ లేచి కూర్చునేదాన్ని. ఎవరో పావుకిలో బిస్కెట్లు అడిగేవారు. నిన్న బుధవారం, మేము భోజనానికి గంట కొట్టబోతుంటే, అదే గొంతు. "సిస్టరమ్మా, కాగితం ఇవ్వండి. ఈసారి మీరు ఏమీ అందించొద్దు" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కాగితం పెట్టి తిప్పాను. అతను రాసి తిప్పిన రెండు ముక్కలూ చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. నువ్వు చెప్పు, నేను రాస్తా అన్నాను. అతను గోడవతల నుంచి చెప్పాడు. ఒక్క మాట కూడా నాది కాదు. నోటరీ గారిని పిలిపించాను. ఆయన భోజనం మధ్యలో లేచి, మెడలో తువ్వాలుతోనే వచ్చాడట. అతనికి చదివి వినిపించి, వేలిముద్ర, సంతకం పెట్టించాడు. ఈసారి మఠం ముద్ర వెయ్యలేదు.

నేను రాసుకున్న నకలు ఇది.

"నా పేరు ఎవోదియో సమర్రీపా. యరేలి నా కూతురు. దానికి నాలుగేళ్లప్పుడు చెవిపోటు వచ్చింది. ఒకటే ఏడుపు. చెవి మందు తెస్తానని బయటికొచ్చాను. మందు కొన్నాను. బస్టాండు పక్కనే మందుల షాపు. మోంతెర్రే బస్సు కదలబోతోంది. ఎక్కేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పిల్ల ఏడుపు వల్ల కాదు. అంతకుముందు నుంచే, బస్సు కనిపించినప్పుడల్లా ఎక్కాలనిపించేది. ఆ రోజు ఎక్కాను. మందు సీసా జేబులోనే ఉండిపోయింది. నన్నెవరూ తరమలేదు. డబ్బు పంపలేదు, కబురు పెట్టలేదు. వాళ్లు రియోవెర్దెలోనే ఉన్నారని నాకు తెలుసు. దానికి ఏడేళ్లప్పుడు తిరునాళ్లలో చూశాను. రంగులరాట్నం దగ్గర వరసలో నిలబడింది. ముందు పన్ను ఊడింది. పిలిస్తే వినిపించేంత దూరం. నేను మొక్కజొన్న పొత్తుల బండి వెనక్కి వెళ్లి దాక్కున్నాను. మొదటి ఉత్తరంలో వదల్లేదని రాయించాను. అది అబద్ధం. నేను నా కూతుర్ని వదిలేశాను. ఈ మాట నన్ను ఎవరూ బెదిరించి చెప్పించలేదు. దీనివల్ల నాకు వచ్చేది ఏమీ లేదని కూడా తెలుసు."

చెప్పడం అయ్యాక, "సిస్టరమ్మా, ఇది దానికి చదివి వినిపిస్తారా, లేకపోతే జడ్జి గారు మాత్రమే చూస్తారా?" అని అడిగాడు. దాని చేతికే ముందు వెళ్తుంది అన్నాను. సరే అన్నాడు. నేను ఏడ్చాను తెంచా. ఈసారి ఏడ్చింది గోడకి ఇవతలివాళ్లు.

అందుకని లాయరమ్మకి కాదు, ముందు పిల్లకే ఇవ్వు. దోన్ చెమాని రెండు రోజులు ముందే బయల్దేరమని బతిమాలాను. హల్వా డబ్బాలు రెండు ఎక్కువ అడిగాడు, ఇచ్చాను.

అక్క

*

శాన్ అంటోనియో,
నవంబరు 2

అక్కా,

ముందు చివరి మాట చెబుతాను, లేకపోతే నువ్వు చివరి పేజీకే తిప్పుతావు. జడ్జి గారు సంతకం పెట్టారు. పుట్టినరోజుకి ఇంకా పదిహేను రోజులుండగా పెట్టారు. లాయరమ్మ కోర్టు మెట్ల మీద చెప్పులు విప్పి గంతులేసింది. పూర్తి కాగితాలకి ఇంకా ఏళ్లు పడుతుందట, కానీ ఇక పిల్లని ఊరికే పట్టుకుపోరు. ఆ ఏళ్లు నా కంచంలో అన్నం తింటూ గడుపుతుంది, నాకేం తొందర.

ఇప్పుడు మొదటినుంచీ విను. దోన్ చెమా శుక్రవారం వచ్చాడు. కవరు విప్పకుండా యరేలికే ఇచ్చాను. "ఇది కూడా మీ నాన్నదే. నేను చదవలేదు" అన్నాను. (నకలు చదివాను, అసలు చదవలేదు. అది అబద్ధం కాదు గదా?) పిల్ల గది తలుపు వేసుకుంది. పొయ్యి మీద చిక్కుళ్లు మాడిపోతున్నా నేను కదలలేదు. గంట తరువాత బయటికొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చుంది.

"నాకు ఆ చెవిపోటు గుర్తుంది తెంచమ్మా" అంది.

"అమ్మ వెచ్చటి నూనె పోసింది. నాన్న చెప్పులేసుకుని వెళ్లడం గుర్తుంది. నేను చాలా ఏడ్చాను. నేను ఏడ్చానని వెళ్లిపోయాడు అనుకున్నా. ఇన్నాళ్లూ. అమ్మకి కూడా చెప్పలేదు. అప్పట్నుంచి ఎవరింట్లోనూ ఏడవలేదు, వాళ్లు కూడా వెళ్లిపోతారని." అని చెప్పి, నా ఎదురుగా, నా వంటింట్లో, నాలుగేళ్ల పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఎక్కడికీ వెళ్లలేదు అక్కా. దాని తల నా పొట్టకి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. చిక్కుళ్లు బొగ్గయ్యాయి. గిన్నె కూడా పోయింది.

కోర్టులో జడ్జి గారు పెద్దావిడ. కళ్లజోడు పైకి తోసి, "ఇతను రాసింది నిజమేనా అమ్మా?" అని అడిగింది. యరేలి లేచి నిలబడి, "నిజమేనండీ. మా నాన్న నన్ను వదిలేశాడు. తప్పు నాది కాదు" అంది. అది జడ్జి గారు అడగలేదు. అయినా ఆవిడ కలం పక్కన పెట్టి, "కాదమ్మా, నీది కాదు" అని, అప్పుడు సంతకం పెట్టింది.

బయటికొచ్చాక మొదటి ఉత్తరం ఏం చేద్దామని అడిగాను. దాన్ని లాయరమ్మ ఫైల్లో ఉండనివ్వమంది. రెండోదానికి మాత్రం లాయరమ్మ చేత నకలు తీయించి కోర్టుకి ఇప్పించి, అసలు తన దగ్గరే పెట్టుకుంది. గురువారం ఎవోదియో వస్తే పెట్టె తిప్పుతూ ఒక మాట చెప్పమంది. అది చెప్పినట్టే రాస్తున్నా, నేనేమీ అందించలేదు:

"మొదటి ఉత్తరం చాలా బాగుంది నాన్నా. నేను దాచుకున్నది రెండోది."

నీ చెల్లెలు
తెంచా